పంటి గారలో నీలిరంగు

స్కేలింగ్ అనగానే మా ఊళ్ళో చాలామంది వెనకడుగు వేస్తారు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయట కదా డాక్టరమ్మా?" అని అడగని వాళ్ళు తక్కువ. క్లీనింగ్ వల్ల కాదమ్మా, గార చిగుళ్ళ కిందికి చేరి ఎముక ఎప్పుడో తరిగిపోయింది, ఇన్నాళ్ళూ ఆ గారే పళ్ళని పట్టుకుని ఉంది, అది తీసేసరికి అసలు సంగతి బయటపడింది అని చెబుతాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లవంగనూనె రాసుకుంటారు. మేము గీకి నీళ్ళతో కడిగి పారేసే ఆ పసుప్పచ్చ పెచ్చుల కోసమే ఇప్పుడు పురావస్తు శాస్త్రవేత్తలు పాత పుర్రెలు వెతుక్కుంటున్నారు. విడ్డూరం ఏమిటంటే, వెనకటి రోజుల్లో పళ్ళ కొలతలు సరిగ్గా రావడం లేదని తవ్వకాల్లో దొరికిన పుర్రెలకి కూడా గార గీకేసి పెట్టేవారు.

గార అంటే గట్టిపడిన పాచి. పళ్ళ మీద రోజూ సూక్ష్మజీవుల పొర కడుతుంది. సరిగ్గా తోముకోకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు ఆ పొరలోకి దిగి దాన్ని రాయి చేసేస్తాయి. దాని మీద మళ్ళీ పాచి, మళ్ళీ రాయి. ఆ గట్టిపడే వేళకి నోట్లో ఏముంటే అది లోపల ఇరుక్కుంటుంది. పిండి రేణువులు, పుప్పొడి, పొయ్యి మసి, సూక్ష్మజీవుల డీఎన్ఏ, ఏదైనా సరే. హర్యానాలో ఫర్మానా అనే సింధు నాగరికత నాటి చోట దొరికిన మనుషుల పళ్ళ మీదా, వంట కుండ మీదా అల్లం, పసుపు రేణువులు కనిపించాయి. మన పోపుల డబ్బా వయసు ఎంతో లెక్క కట్టుకోవచ్చు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం జర్మనీ సంగతి. ఆ దేశం పడమటి భాగంలో దాల్‌హైమ్ అని ఒక ఊరు. అక్కడ ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినుల మఠం ఉండేది. 14వ శతాబ్దపు పోరాటాల్లో అది తగలబడిపోయింది. వాళ్ళు రాసిన పుస్తకం ఒక్కటి కూడా మిగల్లేదు. మఠం గురించి దొరికిన తొలి లిఖిత ప్రస్తావనే 1244 నాటిది. మిగిలినవి పునాదులు, శ్మశానం.

ఆ శ్మశానంలో ఒక స్త్రీ అస్థిపంజరానికి బి78 అని గుర్తు వేశారు. చనిపోయేనాటికి 45 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు. రేడియోకార్బన్ లెక్క ప్రకారం 997కి, 1162కి మధ్య కాలం మనిషి. ఎముకల్లో రోగం జాడ లేదు, దెబ్బ తగిలిన జాడ లేదు. క్రిస్టీనా వారినర్, అనీటా రాదిని అనే పరిశోధకుల బృందం ఆవిడ తిండి గురించి తెలుస్తుందేమోనని గార ముక్కని పలచటి ఆమ్లంలో కరిగించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వెతికింది మొక్కల రేణువుల కోసం. కనిపించినవి నీలి నలుసులు. ఒకటీ రెండూ కాదు, వందకి పైగా. ముదురు నీలం.

నీలం కనబడగానే సంబరపడితే కుదరదు. అజురైట్ అనే రాగి ఖనిజం నీలంగా ఉంటుంది. మట్టిలో పాతిన ఎముకల మీద వివియనైట్ అనే మరో నీలం దానంతటదే పుడుతుంది. అందుకని ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రజ్ఞులు కూడా రంగంలోకి దిగారు. నలుసు మీద లేజర్ కాంతి వేసి, అది చెదిరి వచ్చే తీరుని బట్టి పదార్థాన్ని పోల్చారు. దీన్ని రామన్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. విశాఖపట్నంలో బడికి వెళ్ళిన సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టినదే దీనికి మూలం. నలుసులు లాజురైట్ అని తేలింది. అంటే లాపిస్ లాజులి అనే నీలిరాయి. 2019 జనవరిలో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఈ సంగతి ప్రచురించారు.

ఆ రాయి ఆ రోజుల్లో దొరికేది అఫ్గానిస్థాన్‌లోని బదక్షాన్ గనుల్లో. అక్కడి నుంచి వర్తకుల చేతులు మారుతూ జర్మనీ పల్లె దాకా రావాలి. బంగారంతో సమానమైన ధర. పైగా రాయిని ఊరికే నూరితే బూడిద రంగు పొడి వస్తుంది. ఆ పొడిని మైనం, గుగ్గిలం లాంటి బంకతో కలిపి ముద్ద చేసి, బూడిద నీళ్ళలో పిసికితే అసలు నీలం మెల్లగా కిందికి దిగుతుంది. అంత కష్టపడి తీసిన రంగుని మేలైన చేతిరాత గ్రంథాల్లో, మంచి పనివాళ్ళ చేతికే ఇచ్చేవారు.

మరి ఆవిడ నోట్లోకి ఎలా వచ్చింది? రాయిని మందుగా మింగి ఉండొచ్చు. పుస్తకంలోని దేవుడి బొమ్మలని ముద్దు పెట్టుకుని ఉండొచ్చు. రంగు నూరుతుంటే దుమ్ము పడి ఉండొచ్చు. కుంచె మొన సన్నగా రావడానికి పెదవుల మధ్య పెట్టి తడిపి ఉండొచ్చు. మొదటి రెండూ ఆ కాలానికి, ఆ చోటికి అంతగా పొసగడం లేదని పరిశోధకులే అన్నారు.

నేనైతే కుంచె వైపే. పని నోట్లో ముద్ర వేస్తుందనేది నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి దారం పంటితో కొరికే కుట్టుపని వాళ్ళ ముందు పళ్ళకి చిన్న గాట్లు పడతాయి. నోరు తెరవగానే "టైలరింగా అమ్మా?" అంటే, "మీకెవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోతారు. మా ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలుంటారు. వాళ్ళ అంగిలి చూస్తే ఇంక అడగక్కర్లేదు. దాల్‌హైమ్ స్త్రీ గారలో నలుసులు ఒకేచోట ముద్దగా లేవు, చెదురుమదురుగా ఉన్నాయి. ఒకరోజు పొరపాటున మింగితే అలా ఉండదు.

ఆ శ్మశానపు గార ఇంకో సంగతి కూడా చెప్పింది, అది మా వైద్యులకి. 2014లో అక్కడి నలుగురి గార నుంచి డీఎన్ఏ తీసి చదివారు. చిగుళ్ళ జబ్బుకి కారణమయ్యే టానెరెల్లా ఫోర్సితియా అనే బ్యాక్టీరియా దొరికింది. రోజూ నా కుర్చీలో కూర్చునే వాళ్ళ నోట్లో ఉండేదీ అదే. యాంటీబయాటిక్స్‌ని తట్టుకునే తరహా జన్యువులు కూడా కనిపించాయి. పెన్సిలిన్ పుట్టడానికి ఎనిమిది వందల ఏళ్ళ ముందే! మనం అడ్డదిడ్డంగా మాత్రలు మింగి ఆ జన్యువులకి బలం పోస్తున్న మాట నిజమే గానీ, అవి మనతో పుట్టినవి మాత్రం కావు.

నీలిరంగు విషయంలో ఆఖరి ముడి విప్పింది చరిత్రకారిణి అలిసన్ బీచ్. 12వ శతాబ్దానికి ముందు నాటి పుస్తకాల్లో స్త్రీలు చేసినవని చెప్పగలిగేవి నూటికి ఒకటి కూడా లేవు. వినయం కోసం పేరు పెట్టుకోని వాళ్ళు ఎక్కువ. పేరు లేకపోతే మగవాడే రాశాడనుకోవడం పండితుల అలవాటు. ఈ నీలి నలుసుల సంగతి విని, ఆ దాల్‌హైమ్ స్త్రీ అక్కడ తుడిచే పనిమనిషేమో అన్నవారు కూడా ఉన్నారట! బంగారం ఖరీదు చేసే పొడి, తుడిచే మనిషి నోటి నిండా పడేంతగా నేల మీద చల్లి ఉంచుతారా ఎవరైనా?

దాల్‌హైమ్‌కి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో లిప్పోల్డ్స్‌బెర్గ్ అనే ఊళ్ళో ఇంకో స్త్రీల మఠం ఉండేది. 1168 నాటి ఉత్తరం ఒకటి దొరికింది. మగవాళ్ళ మఠంలో పుస్తకాలు చూసుకునే ఆయన లిప్పోల్డ్స్‌బెర్గ్‌లోని సన్యాసినిని ఒక ఖరీదైన గ్రంథం చేసిపెట్టమని అడుగుతూ రాసినది. తోలుకాగితం, తోలు, పట్టు వాడి చేయమన్నాడు. ఆవిడ పేరు ఉండవలసిన చోట ఉన్నది 'ఎన్' అనే ఒక్క అక్షరం.