నియమం ఎవరు రాశారు?
వేలంపాట శాస్త్రం – మన కథల్లో దళారి

సాహిత్య పత్రికలో ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త పరిశోధన గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. నేను తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతులును. గణితంతో నా పరిచయం ఏనాడో తెగిపోయింది. అయినా ఈ వ్యాసానికి పూనుకున్నానంటే దానికి కారణం ఒక సాహిత్య సమస్యే.

మన రైతు కథల్లో దళారి ఎప్పుడూ ఒకే ముఖంతో కనిపిస్తాడెందుకు? బొజ్జ, వేళ్ళకు ఉంగరాలు, వంకర నవ్వు. అతను దుర్మార్గుడు కనుక రైతు నష్టపోయాడు. కథ అక్కడికి ముగుస్తుంది. చదివినవాడికి కోపం వస్తుంది, ఆ కోపం ఆ మనిషి మీదే ఆగిపోతుంది.

నేనుండే మహానంది చుట్టూ అరటితోటలున్నాయి. కోనేటి ఊట నుంచి పారే నీరు ఈ భూముల్ని తడుపుతుంది. గెలలు పక్వానికి వచ్చే వేళకు వ్యాపారి తోటకే వచ్చి బేరం చేస్తాడు. అలా వచ్చేవారిలో ఒకాయన నాకు తెలుసు. మంచివాడు. రైతు ఇంట్లో ఆపద వస్తే చేబదులు ఇస్తాడు, పిల్లల పెళ్ళిళ్ళకు వస్తాడు. అయినా ఆయన చెప్పే ధర తక్కువే. ఆయన రాని ఏడు ఇంకొకాయన వచ్చాడు. ఆయన చెప్పిన ధరా అంతే. మనిషి మారినా ధర మారలేదంటే, కారణం మనిషి స్వభావంలో లేదన్నమాట. మరి ఎక్కడుంది?

ఈ ప్రశ్న నాలో నలుగుతుండగానే, బెంగుళూరులో చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి ఒక లావుపాటి పుస్తకం నా చేతిలో పెట్టాడు. “సార్, లెక్కలు వదిలేసి మాటలు మాత్రం చదవండి. మీరు క్లాసులో అడిగే ప్రశ్నే ఇందులోనూ ఉంది,” అన్నాడు. ఆ పుస్తకం 2014లో వెలువడిన ‘గేమ్ థియరీ అండ్ మెకానిజం డిజైన్’. రచయిత వై. నరహరి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కంప్యూటర్ సైన్స్ అండ్ ఆటోమేషన్ విభాగంలో దశాబ్దాలపాటు బోధించి, పరిశోధించిన ఆచార్యుడు.

నరహరి పరిశోధన నడిచిన దారిని మనం జాగ్రత్తగా గమనించాలి. ఆయన మొదట పనిచేసింది యంత్రాల మీద. 1992లో ఎన్. విశ్వనాథంతో కలిసి వెలువరించిన గ్రంథం స్వయంచాలిత కర్మాగారాల పనితీరును లెక్కగట్టే పద్ధతుల గురించి. ఏ యంత్రం దగ్గర సరుకు ఎంతసేపు నిలిచిపోతుంది, ఎక్కడ పని ఆగుతుంది అన్నవి అక్కడి ప్రశ్నలు. యంత్రానికి సొంత కోరిక ఉండదు. అది అబద్ధం చెప్పదు. కాని ఆ కర్మాగారానికి సరుకు అమ్మేవాడికీ, కొనేవాడికీ కోరికలుంటాయి. తన ఖర్చు పది రూపాయలైతే పదిహేనని చెప్పగలడు. కర్మాగారం గోడ దాటి బజారులోకి అడుగు పెట్టగానే శాస్త్రవేత్త ముందుకు కొత్త ప్రశ్న వచ్చింది: ప్రతివాడూ తన లాభమే చూసుకునే చోట అందరికీ ఆమోదయోగ్యమైన ఫలితం రావాలంటే ఎలాంటి నియమాలు పెట్టాలి? 2009లో ఆయన తన విద్యార్థులతో కలిసి ప్రచురించిన గ్రంథమూ, పైన చెప్పిన 2014 నాటి పాఠ్యగ్రంథమూ ఈ ప్రశ్నకు సంబంధించినవే.

ఈ శాస్త్రానికి పునాది 1944లో వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ రాసిన గ్రంథం. దీన్ని తెలుగులో క్రీడా సిద్ధాంతం అంటున్నారు. ఆట అనగానే చదరంగం గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఆట అంటే, నాకు దక్కే ఫలితం నా ఎత్తు మీదనే కాక ఎదుటివాడి ఎత్తు మీద కూడా ఆధారపడే ఏ సందర్భమైనా సరే. మన సీమలో బోరుబావి ఇలాంటి ఆటే. పక్క రైతు లోతుకు వేస్తే నా బోరు ఎండుతుంది, కనుక నేనూ లోతుకు వెయ్యాలి. అతను వెయ్యకపోయినా లోతుకు వేస్తే నాకు నీరు ఎక్కువ వస్తుంది. ఎటు చూసినా లోతుకు పోవటమే నాకు లాభం. అతనికీ అంతే. చివరికి ఇద్దరికీ అప్పు మిగులుతుంది, భూగర్భం ఎండిపోతుంది. ఎవ్వడూ ఒంటరిగా తన ఎత్తు మార్చుకుని బాగుపడలేని ఇలాంటి స్థితిని జాన్ నాష్ 1950లో గణితంగా నిరూపించాడు. దానికి 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. అందరూ తెలివిగానే నడుచుకున్నారు, అందరూ చెడిపోయారు. సింగమనేని నారాయణ తన కథాసంపుటికి ‘జూదం’ అని పేరు పెట్టుకున్నారు. సీమ సేద్యం తెలిసినవాడికి ఆ మాటకు టీకా అక్కరలేదు.

ఇక నరహరి ప్రధానంగా కృషి చేసిన మెకానిజం డిజైన్ దీనికి తిరగవేత. ఆట ఉంది, ఫలితం ఏమిటని అడగటం క్రీడా సిద్ధాంతం. ఫలితం ఇలా ఉండాలి, దానికి తగిన ఆట ఏమిటని అడగటం మెకానిజం డిజైన్. పేరు కొత్తది గాని పని మనకు కొత్త కాదు. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడు పాళ్ళు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి అనే ఆనవాయితీ ఉంది. పెద్దవాడు ఎంత స్వార్థపరుడైనా సరే, పాళ్ళు సమంగా వేస్తాడు. ఎక్కువ తక్కువలుగా వేస్తే తక్కువది తనకే మిగులుతుంది కదా! ఇక్కడ పెద్దవాడికి నీతి బోధించే పని లేదు. నియమమే అతని స్వార్థాన్ని న్యాయం వైపు తిప్పింది.

వేలంపాటలో ఇదే సూత్రాన్ని 1961లో విలియం విక్రీ చూపించాడు. ఊరి చింతతోపు కాయ వేలానికి వచ్చిందనుకుందాం. అందరూ మూసిన కవర్లలో ధర రాసి ఇస్తారు. ఎక్కువ రాసినవాడికే తోపు. కాని అతను కట్టవలసింది తాను రాసిన మొత్తం కాదు, రెండోవాడు రాసిన మొత్తం. తోపు విలువ నా లెక్కలో 10,000 రూపాయలు, రెండోవాడు 8,000 రాశాడు. నేను 10,000 రాస్తే 8,000 కట్టి 2,000 మిగుల్చుకుంటాను. కక్కుర్తితో 7,000 రాస్తే తోపు పోతుంది. పంతంతో 15,000 రాస్తే, ఇంకొకడు 12,000 రాసి ఉంటే, పదివేల సరుకుకు పన్నెండువేలు కడతాను. కనుక నిజం రాయటమే నాకు మేలు. ఎదుటివాడు ఏం రాస్తాడో ఊహించే అవసరం కూడా లేదు. నిజం చెప్పటాన్ని లాభసాటి చేసే నియమం ఇది. ఈ ఆలోచనను ఒక సాధారణ సిద్ధాంతంగా పెంచిన హర్విజ్, మాస్కిన్, మైయర్సన్‌లకు 2007లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే పల్లెలో పుట్టినవాడికి వెంటనే ఒక అనుమానం వస్తుంది. వేలానికి ముందురోజు రాత్రే పాటగాళ్ళు కూడబలుక్కుంటే? రెండోవాడు 8,000 బదులు 1,000 రాస్తే, మొదటివాడు 1,000 కట్టి తోపు తీసుకుంటాడు. మిగిలింది ఇద్దరూ పంచుకుంటారు. నష్టం ఊరిది. విక్రీ నియమం ఒక్కొక్కడి అబద్ధాన్ని ఆపగలదు గాని, కట్టు కట్టినవాళ్ళ అబద్ధాన్ని ఆపలేదు. శాస్త్రజ్ఞులకు ఈ సంగతి తెలుసు, దాచలేదు కూడా.

రెండో చిక్కు లెక్కది. వేలానికి ఒక్క తోపు కాక ఇరవై తోపులు వచ్చాయనుకోండి. ఒకడికి మొదటిదీ ఏడోదీ కలిపి కావాలి, ఇంకొకడికి పక్కపక్కన ఉన్న మూడు కావాలి. ఇరవై తోపులను కలిపే తీర్లు పది లక్షలు దాటుతాయి. ఎవరికి ఏవి ఇస్తే మేలో తేల్చటానికి మెట్టుమెట్టుగా సాగే లెక్క పద్ధతి కావాలి. దాన్నే అల్గారిథం అంటారు. నియమం న్యాయంగా ఉంటే చాలదు, దాని ఫలితాన్ని మనిషి జీవితకాలంలో లెక్కించగలగాలి. 1999లో నిసాన్, రోనెన్ ఈ రెండు శాస్త్రాలకు ముడి వేసి కొత్త శాఖకు పేరు పెట్టారు. అర్థశాస్త్ర ప్రశ్నలు కంప్యూటర్ విభాగంలోకి వచ్చిన దారి ఇదే.

ఈ విద్య ఎక్కువగా ఎవరికి పనికొచ్చింది? దాచుకోవలసిన పని లేదు. కంపెనీల కొనుగోళ్ళకు, ఇంటర్నెట్ వెతుకులాట పక్కన కనిపించే ప్రకటనల వేలానికి. కాని నరహరి బృందం అక్కడితో ఆగలేదు. 2023లో వెలువడిన వారి పరిశోధన రైతు సంఘాల గురించి. సన్నకారు రైతు ఒంటరిగా దుకాణానికి పోతే విత్తనం, ఎరువు, పురుగుమందు చెప్పిన ధరకే కొనాలి. అదే సంఘంగా కలిసి పెద్దమొత్తంలో కొంటే? సరఫరాదారులు ఎంత ఎక్కువ తీసుకుంటే ఎంత తగ్గిస్తామో చెప్పి పోటీ పడాలి. ఆ వేలానికి కొన్ని లక్షణాలుండాలి: రైతులకు ఖర్చు అతి తక్కువ కావాలి, అమ్మేవాడికి నిజం చెప్పటమే లాభం కావాలి, పాల్గొన్నందుకు ఎవరూ నష్టపోకూడదు, సరఫరాదారుల మధ్య న్యాయం ఉండాలి. ఇవన్నీ సంపూర్ణంగా కలిసిన వేలాన్ని గణితంతో రాబట్టటం సాధ్యం కాదని చెప్పి, యంత్రానికి ఉదాహరణలతో నేర్పించి దానికి వీలైనంత దగ్గరి నియమాన్ని రాబట్టే మార్గాన్ని వారు ఎంచుకున్నారు.

నాకు ఈ పనిలో గౌరవించదగింది కనిపించింది. దళారిని తిట్టటం కాక, దళారి బలం ఎక్కడిదో వెతకటం ఇందులో ఉంది. ఒంటరి రైతు, ధర తెలియని రైతు – ఇవే ఆ బలానికి మూలాలు. అయినా ప్రగతిశీల రచయితలుగా మనం రెండు ప్రశ్నలు అడగక తప్పదు.

మొదటిది, ఈ శాస్త్రం ఆటగాడికి ఇష్టం లేకపోతే ఆటలో చేరడని భావిస్తుంది. ఆటలో చేరనివాడికి ఎంత దక్కుతుందో, చేరినవాడికి అంతకన్నా తగ్గకూడదన్నది దాని షరతు. వినటానికి న్యాయంగానే ఉంది. కాని అరటిగెల ఆగదు. పండితే కొయ్యాలి, కోస్తే అమ్మాలి. పైగా వ్యాపారి దగ్గర చేబదులు ఉంది. బేరం వద్దని లేచిపోతే ఆ రైతుకు దక్కేది సున్నా. సున్నా కన్నా తగ్గకపోవటం పెద్ద రక్షణ కాదు. బేరం మొదలు కాకముందే అప్పు, కాలం కలిసి రైతును ఓడించాయి. సూత్రం ఆ ఓటమిని ఇచ్చిన లెక్కగా తీసుకుని మొదలవుతుంది.

రెండోది, నియమం రాసేవాడు ఎవరు? గ్రంథాల్లో అతనికి ముఖం ఉండదు, వర్గం ఉండదు. అందరి మేలు కోరే పెద్దమనిషిలా ఉంటాడు. సమాజంలో అలాంటివాడు లేడు. అంతేకాదు, పాళ్ళు వేసే నియమాన్ని రచ్చబండ మీద ఏ రైతైనా నోటితో చెప్పి సరిచూసుకోగలడు. యంత్రం నేర్చుకున్న నియమాన్ని ఎవరు సరిచూడాలి? ఆ పరిశోధకులే తమ పద్ధతి వివరించదగినదిగా ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. అది ఎంతవరకు నెరవేరిందో నిర్ణయించవలసింది సంఘంలోని రైతు.

ఈ సందర్భంలో నాకు కారా ‘యజ్ఞం’ గుర్తుకు వస్తుంది. అందులో శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు, ఊరి బాగు కోరిన పెద్దమనిషి. అప్పు తీర్చవలసిందేనన్నది నలుగురూ ఒప్పుకునే ధర్మమే. తగవు పద్ధతిగానే నడిచింది. అయినా చివర సీతారాముడు తన కొడుకును తానే చంపుకుంటాడు. ఆ రక్తానికి ఏ ఒక్కడి స్వభావాన్నీ బాధ్యం చెయ్యలేం. కారా ఆ నియమాన్నే బోనులో నిలబెట్టాడు. రావిశాస్త్రి సారా కథలు మనల్ని వెంటాడుతున్నదీ ఇందుకే. వాటిలో చెడ్డ పోలీసు ఉన్నాడని కాదు, మంచి పోలీసుకు కూడా చోటు లేని ఏర్పాటు ఉందని.

నరహరి లాంటివారి కృషి నుంచి రచయిత సూత్రాలు నేర్చుకోనక్కరలేదు. ఒక చూపు నేర్చుకుంటే చాలు. దళారి కథ రాయబోయే మిత్రులు కలం పట్టేముందు నాలుగు విషయాలు తెలుసుకోవాలని నా మనవి. బేరంలో ముందు ధర చెప్పింది ఎవరు? నిన్నటి ధర ఎవరికి తెలుసు? రేపటిదాకా ఆగగలిగినవాడు ఎవరు? ఈ బేరం నియమాన్ని ఎవరు పెట్టారు, దాన్ని మార్చే శక్తి ఎవరికుంది?

ఈ నాలుగింటికీ జవాబు తెలిసిన రచయితకు దళారి వేళ్ళకు ఉంగరాలు తొడిగే అవసరం రాదు. మా ఊరి వ్యాపారిని ఉన్నవాణ్ణి ఉన్నట్టు, ఆపదలో చేబదులు ఇచ్చే మంచివాడిగానే చిత్రించవచ్చు. ఆ మంచివాడి చేతి మీదుగానే తోట తక్కువ ధరకు ఎలా పోయిందో చూపించవచ్చు. అప్పుడు పాఠకుడి కోపం ఒక మనిషి దగ్గర ఆగదు, నియమం దాకా వెళుతుంది. ఒక్క వ్యాపారిని తోట నుంచి తరిమేస్తే ఇంకొకడు వస్తాడు. నియమాన్ని మార్చటానికి మాత్రం రైతులు కలవాలి. ఆ అవసరం పాఠకుడికి తోచేటట్టు చెయ్యగలిగితే కథ తన పని తాను చేసినట్టే.