అంటార్కిటికా పెంగ్విన్లకు డీడీటీ ఎలా చేరింది?

అంటార్కిటికాలో పొలాల్లేవు, పురుగుమందు కొట్టేవాళ్లూ లేరు. అయినా 1960లలో అక్కడి పెంగ్విన్ల కొవ్వులో డీడీటీ అనే పురుగుమందు బయటపడింది. ఎలా?

కొట్టిన మందంతా ఆకుల మీదే పడదు. సన్నటి తుంపర గాలిలో కలుస్తుంది. నేలమీద పడ్డదీ ఎండకు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలివెంట పోయి, చలి తగిలిన చోట దిగుతుంది. వేడెక్కితే మళ్లీ లేస్తుంది. ఇలా మజిలీలు చేసుకుంటూ ధ్రువాల దాకా పోతుంది. అక్కడి చలికి లేవడం బాగా తగ్గిపోతుంది.

నీళ్లలో డీడీటీ దాదాపు కరగదు. మట్టి రేణువులకు, కొవ్వుకు అంటుకుంటుంది. అందుకే నీళ్లు తేటగా ఉన్నా చెరువు అడుగు బురదలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నీళ్లొక్కటే పరీక్షించి చెరువు బాగుందనడం తప్పు. బురదలోని పురుగుల్ని చేప, చేపను పక్షి తింటాయి. మెట్టుమెట్టుకూ మోతాదు పెరుగుతుంది. పెంగ్విన్ల కొవ్వులోకీ ఇలా తిండి వెంటే చేరింది. డీడీటీ వల్ల అమెరికాలో చేపలు తినే పెలికాన్ పక్షుల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే చితికిపోయాయి.