సూపర్‌వైజరు జీతానికి బేరమాడేదెవరు?

ఖరగ్‌పూర్: ఇక్కడి రైల్వే కర్మాగారంలో పని పురమాయించే జూనియర్ ఇంజనీరూ, ఆ పని చేసే సీనియర్ టెక్నీషియనూ జీతాల పట్టికలో ఒకే మెట్టుపై ఉన్నారు. ఏడవ వేతన సంఘం లెక్కన ఇద్దరిదీ ఆరవ స్థాయే. ప్రారంభ మూలవేతనం నెలకు రూ.35,400. మరమ్మతు పూర్తయి బయటికి వెళ్లిన బోగీలో లోపం కనిపిస్తే మాత్రం ముందుగా సంజాయిషీ అడిగేది సూపర్‌వైజరునే.

దశాబ్దాల అనుభవం గల కార్మికునికి ఆ స్థాయి దక్కటం న్యాయమే. అతని పనికి బాధ్యత వహించే వాని బాధ్యతకు విలువ ఎంత అన్నదే తేలలేదు.

తేల్చుకునేందుకు వేదిక లేకపోలేదు. డివిజన్, జోన్, రైల్వే బోర్డు అనే మూడు అంచెలలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం 1952 నుంచి అమలులో ఉంది. అయితే గుర్తింపు పొందిన యూనియన్లకే అక్కడ కుర్చీ. ఒక్క కేటగిరీకే పరిమితమైన సంఘాలకు గుర్తింపు లేదు కనుక సూపర్‌వైజర్ల సంఘాలు వినతిపత్రాలతో సరిపెట్టుకోవలసిందే. పోనీ, పెద్ద యూనియన్లో చేరితే అక్కడ సంఖ్యాబలం అతని కింద పనిచేసే వారిది. 2024 డిసెంబరులో జరిగిన గుర్తింపు ఎన్నికలలోనూ మనిషికి ఒక్క ఓటే! పైగా మూలవేతనాన్ని ఖరారు చేసేది ఈ చర్చలు కావు, పదేళ్లకొకసారి వచ్చే వేతన సంఘాలూ, వాటి సిఫార్సులపై కేంద్ర ప్రభుత్వ నిర్ణయమూ.

సముద్రగర్భంలో చమురు గొట్టాలు వేసే పనులలో పద్ధతి వేరు. డైవింగ్ సూపర్‌వైజరుకు సాధారణంగా రోజు లెక్కన వేతనం. అర్హతా పత్రం గల సూపర్‌వైజరు లేనిదే గజ ఈతగాణ్ణి నీటిలోకి దించరు కనుక, ఓడ ఎక్కకముందే అతడు బేరమాడగలడు. కాంట్రాక్టు ముగిస్తే ఆదాయమూ ముగుస్తుంది. రైల్వే ఉద్యోగికి ఆ భయం లేదు, ఆ బేరమూ లేదు.

బేరం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. 1927లో ఇక్కడ సమ్మె, ఆ తరువాత ఉద్యోగుల తొలగింపుపై లాకౌటు నడిచినపుడు కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు వి.వి.గిరి. 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసిన నాటికి ఆయనే రాష్ట్రపతి. చరిత్రలో ఇటువంటి విడ్డూరాలు తక్కువ.

ఇటీవలి కాలంలో సూపర్‌వైజర్లకు దక్కినది 2022 నవంబరు నాటి నిర్ణయం. ఏడవ స్థాయిలో, అంటే రూ.44,900 మూలవేతనం వద్ద నిలిచిపోతున్న సీనియర్ సెక్షన్ ఇంజనీర్ల వంటి వారిలో సగం మందికి ఎనిమిదవ స్థాయికి, అక్కడ నాలుగేళ్ల సేవ తరువాత తొమ్మిదవ స్థాయికి వెళ్లే వీలు కల్పించారు. దేశం మొత్తంమీద 80,000 మంది సూపర్‌వైజర్లకు దీనితో మేలు జరుగుతుందనీ, నెలకు రూ.2,500 నుంచి రూ.4,000 వరకు అదనంగా అందుతుందనీ రైల్వే మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఎదుగుదల లేదన్న పాత ఫిర్యాదుకు ఇది కొంత జవాబు. కాగా, ఆరవ స్థాయిలోని చిక్కుముడిని ఈ నిర్ణయం ముట్టుకోలేదు.

జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన 2025 నవంబరులో ఏర్పాటైన ఎనిమిదవ వేతన సంఘానికి నివేదిక సమర్పించేందుకు 18 నెలల గడువిచ్చారు. జూనియర్ ఇంజనీర్లకు ఇక మిగిలిన బేరం ఆ సంఘం ముందు ఉంచే విజ్ఞాపనే.