క్రేన్ కింద నిలబడే మనుషులు

ఉక్కు కర్మాగారాలు మొదలైన భారీ పరిశ్రమల్లో, షెడ్డుకు రెండు వైపులా స్తంభాల మీద ఎత్తుగా వేసిన పట్టాలపై నడిచే ఇనుప వంతెనను ఓవర్‌హెడ్ క్రేన్ అంటారు. కార్మికుల వాడుకలో అది ఈఓటీ క్రేన్. వంతెన షెడ్డు పొడవునా కదులుతుంది, దాని మీది ట్రాలీ అడ్డంగా కదులుతుంది, ట్రాలీలోని డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తాడు కొక్కేన్ని పైకీ కిందికీ నడుపుతుంది కాబట్టి, షెడ్డులో దాదాపు ఏ మూలనున్న బరువునైనా మరో మూలకు చేర్చవచ్చు. ఆ బరువు సాగిపోయే దారి కిందనే మనుషులు పని చేస్తుంటారు.

చైనాలోని ల్యావోనింగ్ రాష్ట్రంలో, త్యేలింగ్ నగర పరిధిలోని చింగ్‌హ ప్రత్యేక ఉక్కు కర్మాగారంలో 2007 ఏప్రిల్ 18 ఉదయం షిఫ్టు మారే వేళ జరిగిన దుర్ఘటన ఈ విషయాన్ని అత్యంత దారుణంగా చూపింది. సుమారు 30 టన్నుల కరిగిన ఉక్కును మోస్తున్న లేడిల్, అంటే లోపల అగ్ని ఇటుకలు పేర్చిన పెద్ద బొక్కెన, కిందికి జారి ఒరిగిపోగా, దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిగల లోహం పక్కనే ఉన్న గదిలోకి పోటెత్తింది. డ్యూటీకి ఎక్కే ముందు జరిపే సమావేశం కోసం కార్మికులు ఆ గదిలోనే కూడి ఉన్నారు. 32 మంది మరణించారు. విద్యుత్ నియంత్రణలో లోపం ఏర్పడినప్పుడు బ్రేకు బరువును ఆపలేకపోయిందనీ, కరిగిన లోహాన్ని మోయడానికి తగని సాధారణ రకం క్రేన్‌ను అక్కడ వాడారనీ విచారణలో తేలింది. యంత్రం ఎలా విఫలమైనా, ఆ గది మరో చోట ఉండి ఉంటే అంతమంది చనిపోయేవారు కారు.

క్రేన్ బ్రేకు మోటారు వాహనపు బ్రేకు లాంటిది కాదు. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ బిగించే ఉంచుతుంది, కరెంటు అందినప్పుడు మాత్రమే అది వదులవుతుంది. అందువల్ల కరెంటు పోయిన మరుక్షణం బరువు ఉన్నచోటనే నిలిచిపోవాలి. అయితే లైనింగు అరిగినా, స్ప్రింగు సడలినా ఈ ఏర్పాటు పేరుకే మిగులుతుంది కనుక, కరిగిన లోహాన్ని ఎత్తే క్రేన్లకు ఒకటి విఫలమైతే మరొకటి పట్టి నిలిపేలా రెండు బ్రేకులు అమర్చుతారు. భారత ప్రమాణాలు కూడా సాధారణ క్రేన్లకు ఐఎస్ 3177ను, ఉక్కు కర్మాగారాల భారీ క్రేన్లకు ఐఎస్ 4137ను వేర్వేరుగా నిర్దేశించాయి. ఖర్చు తగ్గుతుందని మొదటి రకాన్ని రెండో రకం పనికి వాడడం క్షమించరాని తప్పు.

ఉక్కు తాడు ఒక్కసారిగా తెగడం అరుదు. సన్నని తీగలను పేటలుగా, ఆ పేటలను తాడుగా పేనుతారు. తీగలు ఒక్కొక్కటిగా తెగుతూ వస్తాయి, గ్రీజు కింద అవి కంటికి కనిపించవు. అనుభవజ్ఞులు తాడు మీద నూలు గుడ్డ ఆనించి మెల్లగా జరుపుతారు. తెగిన తీగ ఉన్నచోట గుడ్డ పోగులు చిక్కుకుంటాయి. కొక్కెం మితిమీరి పైకి వెళ్లి డ్రమ్ముకు తగలకుండా ఆపే లిమిట్ స్విచ్‌ను ప్రతి షిఫ్టు మొదట్లో, కొక్కేనికి బరువు లేకుండా, పరీక్షించాలి.

కిందనుంచి బరువును కట్టే ఖలాసీ పని కూడా అంతే కీలకమైనది. 10 టన్నుల బరువును రెండు కాళ్ల స్లింగుతో, అంటే కొక్కెం నుంచి రెండుగా చీలి బరువును పట్టే తాళ్లతో ఎత్తినప్పుడు, కాళ్లు అడ్డంగా గీసిన రేఖతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద సుమారు 5.8 టన్నుల లాగుడు పడుతుంది. అవే కాళ్లు 30 డిగ్రీలకు వాలితే ఒక్కోదాని మీద పూర్తిగా 10 టన్నులు పడుతుంది. ఈ చిన్న లెక్క తెలియని మనిషి చేతికి స్లింగు ఇవ్వకూడదు.

2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్, ఎత్తుడు యంత్రాలను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని, పట్టాల మీద గానీ దగ్గర గానీ ఎవరైనా పని చేస్తుంటే క్రేన్ వారికి ఆరు మీటర్ల లోపలికి రాకుండా చూడాలని విధించింది. లోడు పరీక్షలో నిర్ణీత సామర్థ్యం కంటే 25 శాతం ఎక్కువ బరువు వేయడం ఆనవాయితీ కాబట్టి, పరీక్ష కూడా ప్రమాదకరమైన పనే. విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1న 70 టన్నుల క్రేన్ అలాంటి పరీక్ష వేళ కూలి 11 మంది మరణించారు. అది జెట్టీ మీది వేరే రకం క్రేన్ అయినా, పరీక్ష జరిగేటప్పుడు అవసరం లేని ఒక్క మనిషి కూడా దరిదాపుల్లో ఉండకూడదన్న నియమం అన్ని క్రేన్లకూ వర్తిస్తుంది.

బరువు ఊగకుండా వేగాన్ని క్రమంగా మార్చే డ్రైవులు, రెండు క్రేన్లు ఢీకొనకుండా ఆపే సెన్సర్లు, దూరం నుంచి నడిపే రిమోట్లు నేడు అందుబాటులో ఉన్నాయి, వాటిని అమర్చుకోవలసిందే. అయితే తనిఖీకి వెళ్లే అధికారులు తాడునూ బ్రేకునూ చూడడానికి ముందే, లేడిల్ నడిచే దారి పక్కన ఏ గది ఉందో, అందులో మనుషులు ఏ వేళ కూడుతున్నారో చూడాలి. అలాంటి గది కనిపిస్తే, ఆ షిఫ్టు ముగిసేలోగా దాన్ని ఖాళీ చేయించాలి.