పాటకూ పాటకూ మధ్య

వినాయక చవితి రోజుల్లో కడప జిల్లా ఎర్రగుంట్ల లాంటి ఊళ్ళో పాటకచేరి చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. వీధికి అడ్డంగా స్టేజి, ముందు పట్టాల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు, ఇంకా వెనక బైకుల మీదే కూర్చున్న కుర్రాళ్ళు. హుషారైన పాట ఒకటి అయిపోతుంది. ఈలలు, చప్పట్లు. అవి ఆగాక స్టేజి మీద ఏమీ జరగదు. గాయకుడు నీళ్ళు తాగుతుంటాడు. కీబోర్డు ముందున్నాయన ఏదో బటన్ వెతుకుతుంటాడు. ఫ్లూటు వాయించేవాడు సంచిలో చెయ్యి పెట్టి తడుముకుంటుంటాడు. పది సెకన్లు, ఇరవై, నలభై. పిల్లలు లేచి పరుగులు మొదలుపెడతారు. కుర్రాళ్ళు ఫోన్లు తీస్తారు. వెనక నుంచి ఎవరో గట్టిగా అడుగుతారు: "ఏందన్నా, పాడరా ఇంగ?"

ఆ నలభై సెకన్లలో జారిపోయిన జనాన్ని మళ్ళీ స్టేజి వైపు తిప్పడానికి తర్వాతి పాటలో సగం ఖర్చైపోతుంది. పల్లవి ఎంత బాగా ఎత్తుకున్నా వినేవాళ్ళు సర్దుకుని కూర్చునేసరికి మొదటి చరణం వచ్చేస్తుంది.

ఈ విరామాలు ఎంత సమయం తింటాయో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 గంటల తర్వాత మైకు మోగకూడదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. సడలింపు లేని రోజు 7 గంటలకు మొదలైన కచేరికి ఉండేది 180 నిమిషాలే. ఒక్కో పాట నాలుగున్నర నిమిషాలు అనుకుంటే 28 పాటలకు 126 నిమిషాలు. మిగిలిన 54 నిమిషాలూ పాటల మధ్యవే. అంటే ఒక్కో విరామానికి రెండేసి నిమిషాలు. మూడు గంటల కచేరిలో దాదాపు గంటసేపు జనం పాట కాకుండా మరేదో చూస్తూ, వింటూ ఉంటారు. రిహార్సల్‌లో మాత్రం ఆ గంటను చాలా ట్రూపులు పట్టించుకోవు.

విరామం బద్ధకం వల్ల వచ్చేది కాదు. దాని వెనక పని ఉంది. మగ గొంతుకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులు సరిపోతాయి. ఆడ గొంతు నాలుగున్నర, అయిదు, అయిదున్నరలో హాయిగా పలుకుతుంది. గాయకుడి పాట తర్వాత గాయని పాట వచ్చిందంటే స్టేజి మొత్తం మారాలి. కీబోర్డుకు బటన్ నొక్కితే చాలు. ఫ్లూటుకు అలా కుదరదు. ఒక్కో శ్రుతికి ఒక్కో వెదురు ఉండాలి. అందుకే ఆయన సంచిలో పదీ పదిహేను వేణువులు ఉంటాయి. తబలా కుడిదాన్ని సుత్తితో కొట్టి కొంతవరకే పైకి లాగగలరు. అంతకు మించితే వేరే తబలా తీయాల్సిందే. గిటారు తీగ రెండు హుషారు పాటలు వాయించేసరికే పట్టు వదులుతుంది. దీనికి తోడు కీబోర్డులో గత పాటకు పెట్టుకున్న వయొలిన్ల ధ్వని తీసేసి కొత్త పాటకు నాదస్వరమో, షెహనాయో పెట్టుకోవాలి. ప్యాడ్స్ వాయించే అతను తన శబ్దాలు మార్చుకోవాలి. ఇవన్నీ ఒకేసారి జరిగితే ఇరవై సెకన్ల పని. ఒకరి తర్వాత ఒకరు మొదలుపెడితే రెండు నిమిషాలు.

ఈ నేలకు పాత విద్యే

పని సాగుతుండగా జనాన్ని కూర్చోబెట్టడమెలాగో రాయలసీమ కళాకారులకు ఆర్కెస్ట్రాలు రాకముందే తెలుసు. తోలుబొమ్మలాటనే చూడండి. రామాయణ కథ నడుస్తుంటుంది. ఒక ఘట్టం ముగిసి తెర వెనక బొమ్మలు మార్చుకోవాలి. ఆ సందులో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకుతారు. వాళ్ళకు రాముడితో పనిలేదు, రావణుడితో పనిలేదు. ఊళ్ళో కరువు, అత్తాకోడళ్ళ గొడవ, మొగుడూ పెళ్ళాల తగువు, ఏదైనా వాళ్ళ సరుకే. రాత్రంతా సాగే ఆటలో నిద్ర ముంచుకొచ్చే వేళకు సరిగ్గా వాళ్ళు వస్తారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా బతికే ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బుర్రకథ ఇంకో దారి పట్టింది. అందులో విరామమే కనబడదు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకో వంత ఊరి సంగతులు, రాజకీయం అందుకుంటాడు. వీరరసంలో ఊగిపోయిన కథకుడు ఊపిరి తీసుకోవాలంటే కథ ఆపనక్కర్లేదు. ఒక వంత 'ఏమన్నావు గురూ' అన్నట్టు ఒక ప్రశ్న వేస్తాడు, ఇంకొకడు దానికి కొంటె జవాబిస్తాడు, ఈలోగా కథకుడి గుండె నెమ్మదిస్తుంది. జనానికి అది కథలో భాగంగానే తోస్తుంది. ఈ కళను లక్షలమంది ముందుకు తీసుకెళ్ళిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ దక్కింది. హరికథలో ఇదే పని పిట్టకథ చేస్తుంది. పాడి పాడి అలసిన గొంతుకు విశ్రాంతి, విని విని బరువెక్కిన మనసుకు ఒక నవ్వు.

నాటకానిది మరీ పెద్ద సమస్య. పాట మారితే శ్రుతి మారుతుంది, నాటకంలో రంగం మారితే రాజభవనం అడవి కావాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ' ఆడి మొదలైన సురభి నాటకాలు రంగుల తెరలకు, చకచకా మారే రంగాలకు పేరుపొందాయి. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన పార్శీ నాటక కంపెనీల పద్ధతి ఒకటుంది. ముందు తెర దించి దాని ఎదుట చిన్న వీధి రంగమో, హాస్య రంగమో నడిపిస్తారు. వెనక చప్పుడు చేయకుండా సింహాసనాలు, స్తంభాలు సర్దేస్తారు. ఆ చప్పుడు వినపడకుండా హార్మోనియం, తబలా మోగుతూనే ఉంటాయి. తెలుగు నాటకాల్లో హార్మోనిస్టుకు అంత గౌరవం ఉండటానికి ఇదొక కారణం. పెట్రోమాక్స్ దీపానికి గాలి కొట్టాల్సి వచ్చినా, వేషధారి కిరీటం జారినా ఆదుకునేది ఆయన వేళ్ళే.

మాట్లాడటం కూడా పాటే

సినిమా పాటల వేదిక మీద ఈ విద్యను శిఖరానికి చేర్చినవారు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. కుర్రతనంలో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ వాయించేవారు. అంటే వేదిక మీద విరామం ఎంత భయపెడుతుందో ఆయన పాతికేళ్ళు నిండేలోపే చూశారు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో ఆ అనుభవమంతా కనిపించింది. పిల్లలు పాట ముగించగానే ఆయన మాట మొదలయ్యేది. ఆ పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, చరణంలో ఆ మాట అక్కడే ఎందుకు పడింది, పాడిన పిల్ల ఒత్తు ఎక్కడ జారవిడిచింది, ఇవన్నీ చెప్పేవారు. ఊళ్ళల్లో చాలామంది సినిమా పాటకు ఒక కవి ఉంటాడని, వెనక వయొలిన్లు వాయించేవారికీ పేర్లుంటాయని తెలుసుకున్నది ఆ మాటల వల్లే. విరామంలో చెప్పిన మాట తర్వాతి పాటను వినే చెవిని తయారుచేసేది.

ఆయనంత జ్ఞాపకశక్తి అందరికీ ఉండనక్కర్లేదు. వేరే దారులున్నాయి. తెలుగు వేదికలకు బాగా అచ్చొచ్చింది మిమిక్రీ. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ ఆ కళకు తెచ్చిన గౌరవం ఇంతా అంతా కాదు. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన వేసిన బాటలో ఊరూరా మిమిక్రీ కళాకారులు తయారయ్యారు. ఆర్కెస్ట్రా వాళ్ళు తమతో ఒక మిమిక్రీ కళాకారుణ్ణి తెచ్చుకోవడం ఎన్నో ఏళ్ళు ఆనవాయితీగా నడిచింది. ఎన్టీఆర్ గొంతు, నాగేశ్వరరావు గొంతు, రైలు వస్తున్న చప్పుడు. రైలు జంక్షన్ ఉన్న ఎర్రగుంట్లలో ఆ రైలు చప్పుడుకు పడే చప్పట్ల గురించి వేరే చెప్పాలా!

మన ఊళ్ళ విరామాలకు ఇంకో బరువు కూడా ఉంది. అది చదివింపులు. పాట నచ్చి ఒకరు, ఊళ్ళో పరువు కోసం ఇంకొకరు డబ్బు చదివిస్తారు. పేరు మైకులో వినిపించాలి. ఇచ్చినవారి మనసు నొప్పించకూడదు, వినేవారి ఓపికను పరీక్షించకూడదు. అనుభవం ఉన్న వ్యాఖ్యాతలు చీటీలన్నీ దగ్గర పెట్టుకుని, ఎలాగూ ఎక్కువ సమయం పట్టే విరామం కోసం ఆగుతారు. శ్రుతి పూర్తిగా మారే చోటో, గాయని స్టేజి ఎక్కే చోటో పది పేర్లు ఒకేసారి చదివేస్తారు. ప్రతి పాట తర్వాత రెండేసి పేర్లు చదివే కచేరిలో మాత్రం జనం పాటలను మరిచిపోయి పేర్లు లెక్కపెడతారు.

ఏ విరామానికి ఏ మందు

మంచి ట్రూపు విరామాలను ముందే తగ్గించుకుంటుంది. పాటల జాబితా రాసుకునేటప్పుడే ఒకే శ్రుతిలోవి రెండు మూడు పక్కపక్కన పెడుతుంది. గాయకుడి పాటకూ గాయని పాటకూ మధ్య ఒక యుగళగీతం వేస్తుంది. ఇద్దరికీ కుదిరే శ్రుతిలో అది వంతెనలా పనిచేస్తుంది. ఒక పాట ముగిసినా తాళం ఆపకుండా ప్యాడ్స్, డోలక్ మెల్లగా నడిపిస్తే చప్పట్లు కూడా ఆ తాళంలోనే పడతాయి. ఆ తాళం మీదనే వాద్యకారుల పేర్లు చెప్పవచ్చు. ఒక్కొక్కరూ నాలుగు ఆవర్తనాలు వాయించి చూపిస్తే ఈలోగా మిగిలినవాళ్ళు తమ పని చూసుకుంటారు. శాస్త్రీయ కచేరిలో తాళవాద్యాల తని ఆవర్తనం గాయకుడి గొంతుకు ఇచ్చే విశ్రాంతి లాంటిదే ఇదీ. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు కీబోర్డు మూగబోయినా డోలక్ మూగబోదు. అప్పుడు గాయకుడు మైకు పక్కన పెట్టి ముందు వరుస పిల్లలతో పల్లవి పాడిస్తే ఆ నిమిషమే ఆ రాత్రికి జ్ఞాపకంగా మిగులుతుంది.

అయితే అన్ని విరామాలూ నింపాల్సినవి కావు.

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెద్ద కచేరి జరిగింది. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా. ముగ్గురూ ఒకటిన్నర నిమిషం శ్రుతి చేసుకుని ఆపారు. వేలమంది చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే అసలు వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. ఆ కథ సాధారణంగా నవ్వుకోవడానికి చెబుతారు. కానీ అందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తమ పని తాము శ్రద్ధగా చేసుకుంటున్న కళాకారులను చూస్తూ జనం ఒకటిన్నర నిమిషం కదలకుండా కూర్చున్నారు. మృదంగం అంచును రాయితో, పుల్లతో తట్టి శ్రుతి చేస్తుంటే మన సభల్లోనూ అలాగే వింటారు. తడుముకోవడాన్ని చూసి విసుక్కునే జనం శ్రద్ధను చూసి మాత్రం మౌనంగా ఉంటారు. విషాద గీతం ముగిశాక కూడా అంతే. కళ్ళు తుడుచుకుంటున్న మనిషికి వెంటనే జోకు వినిపించకూడదు. నాలుగు క్షణాలు ఆగాలి. ఆ తర్వాత కీబోర్డు మీద తర్వాతి పాట శ్రుతిని సన్నగా పట్టి ఉంచితే చాలు.

ఈ విద్యకు ఇప్పుడు చిక్కొచ్చింది. చాలా స్టేజిల మీద వాద్యబృందం పోయి ట్రాక్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో సంగీతం, మైకులో గొంతు. ఖర్చు తక్కువ, శ్రుతి తప్పే భయం తక్కువ. కానీ విరామం పోలేదు, ఇంకా ఎండిపోయింది. గాయకుడు తల వంచి ఫైలు వెతుకుతుంటే వాయించడానికి పక్కన ఎవరూ లేరు. మెల్లగా తాళం నడపడానికి డోలక్ లేదు. పక్క మంటపంలో డీజే అయితే పాటకూ పాటకూ మధ్య సందే లేకుండా మోత మోగిస్తాడు. అక్కడ ఎవరూ ఎవరి పేరూ చెప్పరు. పాట ఎవరిదో, ఏ ఊరి కళాకారుడు పాడాడో అడిగేంత సేపు కూడా దొరకదు.

అందుకే ఇంకా ఫ్లూటూ, తబలా, డోలక్ వెంట తెచ్చుకునే చిన్న ట్రూపులను ఉత్సవ కమిటీలు పిలవాలి. వాళ్ళూ ఆ 54 నిమిషాలకు పాటలతో సమానంగా రిహార్సల్ చేసుకోవాలి. అలాంటి ట్రూపు వచ్చిన రాత్రి ఎర్రగుంట్లలో తేడా ఇట్టే తెలుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టుకు వెళ్ళాల్సిన మనిషి బైకు స్టార్ట్ చేసి కూడా కదలడు. స్టేజి మీద వ్యాఖ్యాత ఫ్లూటు వాయించే అతని పేరు, ఊరు చెబుతుంటాడు. ఆ మాట పూర్తయ్యేలోపే సంచిలోంచి అయిదున్నర శ్రుతి వేణువు బయటికొచ్చి పెదవుల దగ్గర సిద్ధంగా ఉంటుంది. పక్కన గాయని గొంతు సవరించుకుని డోలక్ వైపు చూస్తుంది.