గల్ఫ్ వలస కార్మికుల వాడుక పదాలు - చట్టబద్ధ హోదా: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్లిన తెలుగు కార్మికుల వాడుకలో అకామా, కఫీల్, ఆజాద్ వీసా, కల్లివెల్లి, అవుట్‌పాస్ వంటి పదాలు స్థిరపడ్డాయి. ఇవి కేవలం అన్యదేశ్యాలు కావు; పరాయి గడ్డపై కార్మికుని చట్టబద్ధ స్థితిని తెలిపే సంకేతాలు. ఈ పదాలకు వాడుకలో ఉన్న అర్థానికీ, చట్టం గుర్తించే అర్థానికీ మధ్యగల అంతరాన్ని చూపుతూ, అక్కడ చట్టబద్ధంగా పనిచేసి నివసించడానికి గల మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గల్ఫ్ వలస, అకామా, కఫీల్, ఆజాద్ వీసా, కల్లివెల్లి, క్షమాభిక్ష.

1. ఉపోద్ఘాతం:
కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. అమెరికా, కెనడాలకు వెళ్లినవారు కాలక్రమంలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోగలరు. గల్ఫ్‌లో సామాన్య కార్మికునికి ఆ దారి లేదు. పని ఉన్నంతకాలమే నివాసం. అందుచేత అక్కడి పత్రాల పేర్లను సరిగా అర్థం చేసుకోవడం అతని బతుకుకు సంబంధించిన విషయం.

2. స్వదేశంలో తొలి మెట్టు:
భారతదేశంలో ఈ వలసలను 1983 నాటి వలసల చట్టం నియంత్రిస్తూ వచ్చింది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు సాధారణంగా 'ఈసీఆర్' వర్గంలోకి వస్తాయి. వీరు ఆరు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికై వెళ్లేటప్పుడు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఇందుకోసం 'ఇ-మైగ్రేట్' వ్యవస్థలో యజమాని, ఏజెంటు, ఒప్పందం వివరాలు నమోదవుతాయి. నమోదిత ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. తెలంగాణలో ప్రభుత్వరంగ సంస్థ 'టామ్‌కామ్' ద్వారా వెళ్లే అవకాశమూ ఉంది.

విజిట్ వీసాపై వెళ్లేవారు ఈ వడపోతను తప్పించుకుంటారు. అది పర్యాటకునికి ఇచ్చే అనుమతి. పనిచేసే హక్కు దానిలో లేదు. విమానం ఎక్కడం సులభమైనా, దిగినచోట ఒప్పందం, బీమా రెండూ వెంట ఉండవు.

3. అకామా, కఫీల్:
'ఇఖామా' అనే అరబ్బీ పదానికి నివాసమని అర్థం. తెలుగువారి నోట అది 'అకామా' అయి, నివాస గుర్తింపు కార్డుకు పేరుగా నిలిచింది. 'కఫీల్' అంటే పూచీదారు. పదం ప్రకారం బాధ్యత యజమానిది. ఆచరణలో భారం కార్మికునిది. అకామా తీయించవలసినదీ, గడువు పొడిగించవలసినదీ కఫీలే. అతడు ఉపేక్షిస్తే చట్టం ముందు దోషిగా నిలిచేది కార్మికుడు.

వీసా రకం కూడా ముఖ్యమే. కువైట్‌లో ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 18వ అధికరణం కింద, ఇంటిపనివారికి 20వ అధికరణం కింద నివాసానుమతి ఇస్తారు. ఇంటిపని వీసాపై వెళ్లి దుకాణంలో పనిచేస్తే, అకామా చెల్లుబాటులో ఉన్నా అది ఉల్లంఘనే.

4. ఆజాద్ వీసా:
'ఆజాద్' అంటే స్వేచ్ఛ. ఎక్కడైనా పనిచేసుకోవచ్చుననే భావన ఈ పేరులో ఉంది. కాని ఇలాంటి వీసా ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ తన పేరిట వీసా తీయించి, సొమ్ము పుచ్చుకుని కార్మికుణ్ణి బయట పనిచేసుకోనిస్తాడు. పత్రం అసలైనదే, దాని ఆధారంగా వేరొకచోట చేసే పని మాత్రం చట్టవిరుద్ధం. గాయపడినా, జీతం ఎగ్గొట్టినా, ఒప్పందం లేనిచోట హక్కును నిరూపించడం కష్టం. పేరులో ఉన్న స్వేచ్ఛ ఇక్కడ రక్షణ లేకపోవడంగా పరిణమించింది.

5. కల్లివెల్లి, అవుట్‌పాస్:
అరబ్బీ వాడుకలో 'ఖల్లీ వల్లీ' అంటే పోనీ, వదిలెయ్ అని అర్థం. తెలుగు కార్మికులు దీనిని కఫీల్‌ను విడిచి, పత్రాలు లేకుండా బతికేవారికి అన్వయించారు. 'కల్లివెల్లి అయ్యాడు' అన్న మాటలో విడుదల ధ్వని ఉంది. అదే స్థితిని సౌదీ అరేబియాలో 'హురూబ్', అనగా పారిపోవడం, అంటారు. ఒకే పనిని కార్మికుడు వదిలించుకోవడంగా భావిస్తే, యజమాని ఫిర్యాదు దానిని నేరంగా నమోదు చేస్తుంది. జీతం అందక బయటపడినవాడు కూడా ఆ ఫిర్యాదుతో దోషి అవుతాడు.

ఈ స్థితి నుంచి బయటపడే మార్గాలలో క్షమాభిక్ష ముఖ్యమైనది. యూఏఈ 2018లో ఆగస్టు నుంచి, 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు వరకు దీనిని అమలుచేసింది. గడువులోగా జరిమానా లేకుండా స్వదేశానికి వెళ్లవచ్చు, లేదా కొత్త యజమానిని చూసుకుని హోదాను సరిచేసుకోవచ్చు. పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణపత్రమే 'అవుట్‌పాస్'. అది ఇల్లు చేరుస్తుంది. రావలసిన జీతాన్ని మాత్రం ఇప్పించదు.

6. ఇటీవలి మార్పులు:
ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండానే, ముందస్తు నోటీసుతో ఉద్యోగం మారే హక్కు కల్పించింది. సౌదీలో 2021 మార్చి 14 నుంచి, ఏడాది పని పూర్తిచేసినవారు అదేవిధంగా మారవచ్చు. ఇంటిపనివారికి ఇది వర్తించలేదు. బహ్రెయిన్ 2017లో 'ఫ్లెక్సీ పర్మిట్' ద్వారా కఫీల్ లేకుండా పనిచేసే అవకాశమిచ్చి, 2022లో దానిని ఉపసంహరించుకుంది. యూఏఈ గ్రీన్ వీసా అయిదేళ్ల స్వతంత్ర నివాసాన్ని ఇస్తుంది; కాని చదువు, ఆదాయ నిబంధనల వల్ల అది సామాన్య కార్మికునికి అందదు.

7. ముగింపు:
- వీసాలోని యజమాని, చేసే పని, అకామా ఈ మూడూ ఏకమైనప్పుడే హోదా చట్టబద్ధం.
- 'ఆజాద్', 'కల్లివెల్లి' పదాలు స్వేచ్ఛను స్ఫురింపజేసినా, చట్టం దృష్టిలో అవి ఉల్లంఘనలు.
- జీతం అందనప్పుడు పని విడిచిపోకముందే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడం, రాయబార కార్యాలయానికి లేదా 'మదద్' పోర్టల్‌కు తెలపడం క్షేమకరం. ముందుగా నమోదైన ఆ ఫిర్యాదు 'పారిపోయాడు' అనే ఆరోపణకు ఎదురు నిలిచే ఆధారం.
- వలస వెళ్లేవారికిచ్చే శిక్షణలో ఈ పదాల వాడుకార్థాన్నీ, చట్టార్థాన్నీ పక్కపక్కనే వివరించవలసిన అవసరం ఉంది.