ఘనశిలా ప్రవాహం: భూతల రూపకల్పనలో ఉష్ణ సంవహనం

1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండచలనాన్ని ప్రతిపాదించినప్పుడు, ఖండాలను కదిలించే శక్తి ఏదన్న ప్రశ్నకు తగిన సమాధానం లభించలేదు. 1931లో ప్రచురితమైన వ్యాసంలో ఆర్థర్ హోమ్స్ భూమి లోపలి ఉష్ణ సంవహన ప్రవాహాలే ఆ శక్తి అని వివరించారు.

భూపటలం కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు వ్యాపించిన ప్రావారం కరిగిన శిలాద్రవ సముద్రమన్న భావన సరికాదు. అది ప్రధానంగా ఘనశిల. అయినా అధిక ఉష్ణోగ్రత వల్ల ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల వేగంతో ప్రవహిస్తుంది. వేడెక్కిన శిల సాంద్రత తగ్గి పైకి లేస్తుంది. సముద్రగర్భంలో చల్లబడి బరువెక్కిన పలక అంచు ప్రావారంలోకి కుంగుతూ మిగిలిన పలకను తన వెంట లాగుతుంది. ఇటువంటి చలనంలోనే భారత పలక యురేషియాను ఢీకొనగా హిమాలయాలు ఏర్పడ్డాయి.

కనుక పర్వతోద్భవం, భూమి తన అంతర్గత ఉష్ణాన్ని వెలువరించే ప్రక్రియకు ఉపరితలంపై కనిపించే ఫలితమే.